ఆత్మపరిశీలన చేసుకోమంటే చాలదు, ఎలాగో చెప్పాలి

సంపాదకులకు,

నమస్కారం. మనసుకు తగిలిన గాయాలు మానాలంటే మనలోకి మనం చూసుకోవాలని ఈమధ్య ఆదివారం అనుబంధాల్లో, ఆధ్యాత్మిక శీర్షికల్లో తరచూ రాస్తున్నారు. మాట మంచిదే. ఎలా చూసుకోవాలో, ఎంతసేపు చూసుకోవాలో, ఎప్పుడు మానుకోవాలో మాత్రం ఎవరూ రాయరు. అది చదివిన మనిషి రాత్రి లైటార్పి పడుకుని, ఎప్పుడో పెళ్లిపందిట్లో జరిగిన అవమానాన్ని మొదట్నుంచీ చివరిదాకా మళ్లీ మళ్లీ తలుచుకుంటాడు. ‘అప్పుడు ఆ మాట అనుండాల్సింది’, ‘నాకే ఎందుకిట్ట జరగాల’ అని తెల్లవార్లూ పొర్లుతాడు. పొద్దున లేచేసరికి తలనొప్పి, చిరాకు. గాయం నిన్నటికంటే పచ్చిగా ఉంటుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కౌన్సెలింగ్ పనిలో ఉన్న మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఇలాంటి పరిశీలన నెలల తరబడి చేసి అలసిపోయి ఉంటారు. అందుకే ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాం. వీలైనంతవరకు కత్తిరించకుండా వేయమని మనవి.

ఒకే బాధను లోపల్లోపల తిప్పుకుంటూ కుమలడం వేరు, దాన్ని తరచి చూసుకోవడం వేరు. అమెరికాలో సూజన్ నోలెన్-హోక్సెమా అనే మనస్తత్వ పరిశోధకురాలు, దిగులు వచ్చినప్పుడు ఆ దిగులు గురించే తలపోస్తూ కూర్చునేవాళ్లకు అది ఎక్కువ కాలం వదలదని 1991లోనే చూపారు. బ్రిటన్‌లో ఎడ్వర్డ్ వాట్కిన్స్ ఇంకాస్త లోతుకు వెళ్లారు. జరిగింది ఒకటే అయినా ‘ఎందుకిలా? నా బతుకింతేనా?’ అని ఆలోచిస్తే మనసు కుంగుతుంది. ‘ఏ రోజు, ఎక్కడ, ఎవరు ఏమన్నారు, నేనేం చేశాను, తర్వాత ఏమైంది’ అని వివరంగా ఆలోచిస్తే తేరుకునే దారి దొరుకుతుంది. మేం చెప్పేదంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంది. మీరు చేస్తున్నది ఏదో తెలుసుకోవాలంటే ఒక గుర్తు ఉంది. అరగంట ఆలోచించాక ఇంతకుముందు తెలియని సంగతి ఒక్కటైనా తెలిసిందా? రేపు చేయాల్సిన పని ఒక్కటైనా తేలిందా? రెండూ లేకపోతే లేచి మొహం కడుక్కుని వేరే పని చూసుకోవాలి. ఇంకో అరగంట కూర్చుంటే తేలుతుందనుకోవడం దండగ.

ముందు, ఎప్పుడు మొదలుపెట్టకూడదో చెప్పాలి. దెబ్బ తగిలిన వెంటనే తవ్వుకోకూడదు. 2021 నవంబరులో పెన్నా పొంగి ఇళ్లు మునిగినప్పటిలాంటి కష్టం వచ్చినా, ఇంట్లో మనిషి పోయినా, మొదటి రోజుల్లో కావాల్సింది నిద్ర, వేళకు అన్నం, పక్కన తన మనుషులు, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెప్పి వెంట వచ్చే ఒక తోడు. ప్రమాదం జరగ్గానే బాధితుల్ని కూర్చోబెట్టి జరిగిందంతా ఒక్కసారే చెప్పించే పద్ధతి ఒకప్పుడు చాలా దేశాల్లో నడిచింది. దాన్ని పరీక్షించి చూస్తే మేలు కనబడలేదు, కొందరికి కీడే జరిగింది. పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరూ ‘ఎట్ట జరిగిందమ్మా?’ అని కన్నతల్లి చేత మొదట్నుంచీ చెప్పించడం కూడా ఆ కోవలోదే. ఆమె తనంతట చెబితే వినాలి. అడిగి చెప్పించకూడదు. రాసుకుని చూసుకునే పని కొన్ని వారాలు గడిచాకే.

ఇంకో మినహాయింపు ఇంతకంటే ముఖ్యమైనది. ఇంట్లో ఇప్పటికీ కొడుతున్నారంటే అది మానాల్సిన గాయం దశకు రానే లేదు, దెబ్బ ఇంకా తగులుతూనే ఉంది. అలాంటి ఆడపడుచుకు ‘నీలోకి నువ్వు చూసుకో’ అని చెప్పడం అన్యాయం. ఆమెకు ముందు చెప్పాల్సింది 181 మహిళా హెల్ప్‌లైన్, ప్రాణం మీదికొస్తే 112.

ఇక పద్ధతి. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే ఇద్దరు అమెరికాలో కాలేజీ విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమ జీవితంలో అన్నిటికంటే బాధపెట్టిన సంఘటన గురించి రాయించారు. జరిగిందాన్నీ, దాని గురించి తమ మనసులో ఉన్నదాన్నీ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. ఆ తర్వాత ఇలాంటి ప్రయోగాలు వందకు పైగా జరిగాయి. అన్నీ కలిపి చూస్తే లాభం ఉంది గానీ, సగటున చిన్నదే. అద్భుతం జరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు కాబట్టి చేసి చూడదగ్గది.

కావాల్సినవి నాలుగు తెల్లకాగితాలు, ఒక పెన్ను, ఫోన్లో 20 నిమిషాల అలారం. నోటుబుక్కు వద్దంటాం. ఉమ్మడి ఇంట్లో నోటుబుక్కు ఎవరి చేతికైనా చిక్కుతుంది. చిక్కుతుందేమోనన్న భయం ఉంటే చెయ్యి అబద్ధం రాస్తుంది. కాగితమైతే చదువుకుని చించి పొయ్యిలో వేయొచ్చు. ఇంట్లో అందరూ వాడే ఫోన్లో రాయడం కూడా మంచిది కాదు. చోటు దొరకదంటారు, నిజమే. పొద్దున పిల్లలు బడికి పోయాక మేడమీద, శాఖా గ్రంథాలయంలో ఒక మూల, గుడి మండపంలో ఒక స్తంభం పక్కన, ఎక్కడైనా 20 నిమిషాలు ఎవరూ పిలవకపోతే చాలు. పడుకోబోయే ముందు మాత్రం వద్దు. రాయడానికీ పడకకూ మధ్య కనీసం రెండు గంటలుండాలి. అక్షరదోషాలు చూసుకోవద్దు, ఇంట్లో మాట్లాడే యాసలోనే రాయాలి. రాయడం రానివాళ్లు ఒంటరిగా కూర్చుని ఫోన్లో మాట్లాడి రికార్డు చేసుకుని, ఒకసారి విని చెరిపేయొచ్చు. రాసే నాలుగు రోజులూ మద్యం ముట్టకూడదు. మగవాళ్లలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. మందుతో ఏడుపు వస్తుంది, తెల్లారితే ఒక్క ముక్క గుర్తుండదు, నిద్ర కూడా చెడుతుంది.

పెన్నెబేకర్ ఏ రోజు ఏం రాయాలో విడగొట్టలేదు. మనవాళ్లకు వీలుగా ఉంటుందని మేం ఇలా విడగొట్టి చెబుతాం. మొదటి రోజు జరిగింది జరిగినట్టు రాయాలి, సీసీ కెమెరా చూస్తే ఏం కనబడి ఉండేదో అంతే. రెండో రోజు అప్పుడు ఒంట్లో ఏమైంది, మనసులో ఏమైంది. మూడో రోజు, ఆ సంఘటన నుంచి నా గురించి నేను ఏమని నమ్మేశాను, ఆ నమ్మకం ఇప్పుడు ఎక్కడెక్కడ బయటపడుతోంది. నాలుగో రోజు, ఇప్పుడు నాకేం కావాలి, అందులో ఈ వారంలో నా చేతిలో ఉన్న పని ఏది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది కల్పించిందే, ఎవరి కథా కాదు. కొండపి వైపు ఒక ఊళ్లో 45 ఏళ్ల ఆవిడ. తల్లి మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. మామూలుగా రాయమంటే ఇలా రాస్తుంది: ‘మా అమ్మకు నేనంటే ఎప్పుడూ ఇష్టం లేదు. అంతా తమ్ముడికే. నా తలరాత ఇంతే. ఎందుకు నన్నిట్ట చేసింది?’ నాలుగు రోజులు రాసినా ఇవే వాక్యాలు తిరిగొస్తాయి. సంవత్సరం రాసినా అంతే. అదే మనిషిని జరిగింది మాత్రమే రాయమంటే: ‘ఏడో తరగతి పాసయినా. జూన్‌లో బడి తెరిచిన దినం జడలేసుకుని నిలబడితే అమ్మ నా పుస్తకాల సంచి తీసి అటక మీద పెట్టింది. తమ్ముడి కాన్వెంటు ఫీజు కట్టాల, నువ్వు పొగాకు గ్రేడింగుకు రా అనింది. నాన్న అరుగు మీద బీడీ తాగతా ఉన్నాడు, తల తిప్పలేదు. నేనేమీ అనలా. గొంతు పట్టేసింది.’

ఈ రెండో కాగితంలో ఎన్ని సంగతులున్నాయో చూడండి. ఇన్నేళ్లుగా కోపం తల్లి ఒక్కదాని మీదే ఉంది, అరుగు మీది తండ్రి లెక్కలోకే రాలేదు. ఫీజు అనే మాట వచ్చింది, అంటే ఇంట్లో డబ్బు లేదు. అది తల్లి తప్పును చెరిపేయదు గానీ, ‘నేనంటే ఇష్టం లేదు’ అన్న తీర్పు ఒక్కటే నిజం కాదని చూపిస్తుంది. అన్నిటికంటే పనికొచ్చేది ఆ గొంతు పట్టేయడం. మూడో రోజు ఆమె రాస్తుంది: ఇప్పుడు మొగుడు ‘నీకేం తెలుసు, ఊరుకో’ అన్నప్పుడు కూడా అట్టే గొంతు పడుతుంది, మాట రాదు, తర్వాత రెండు రోజులు గిన్నెలు విసిరేస్తాను. గాయం ఎక్కడిదో, నొప్పి ఇప్పుడు ఎక్కడ తేలుతోందో, రెండూ అక్కడ కలిశాయి. నాలుగో రోజు పని కూడా అక్కడి నుంచే వస్తుంది. ఆ మాట అన్న రోజే, చిన్న గొంతుతోనైనా, ‘ఆ మాట నాకు బాధగా ఉంది’ అనడం ఒకటి. రెండోది, ఓపెన్ స్కూల్లో పదో తరగతికి దరఖాస్తు. దానికి 14 ఏళ్లు నిండాలన్న షరతే గానీ పైవయసు పరిమితి లేదు.

తప్పు జరిగే చోట్లు కూడా చెప్పాలి. మొదటి రోజు రాశాక మనసు బరువెక్కుతుంది, కన్నీళ్లొస్తాయి. ఒకటి రెండు గంటల్లో తేలిక పడుతుంది, అది మామూలే. దాన్ని చూసి భయపడి చాలామంది రెండో రోజు మానేస్తారు. రాసిన వెంటనే ఐదు నిమిషాలు, ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు అంకెలంతసేపు వదలడం చేస్తే ఒళ్లు కుదుటపడుతుంది. వదిలేది పీల్చేదానికంటే ఎక్కువసేపు ఉండాలి, గుట్టు అంతా అందులోనే ఉంది. అలా కాక, రాస్తుంటే ఆ సంఘటన కళ్ల ముందు ఇప్పుడే జరుగుతున్నట్టు వచ్చి గుండె దడ ఆగకపోతే, రోజంతా పని సాగకపోతే, రాత్రి పీడకలలొస్తే వెంటనే ఆపేయాలి. పట్టుదలకు పోకూడదు. అలాంటి గాయం ఈ పని తెలిసిన కౌన్సెలర్ లేదా వైద్యుల సమక్షంలో విప్పాల్సింది. నాలుగో రోజు కాగితం మొదటి రోజుదానిలాగే ఉన్నా ఆపేయాలి. రోజురోజుకూ రాత మారినవాళ్లే, ‘అందువల్ల’, ‘ఇప్పుడు అర్థమైంది’ లాంటి మాటలు పెరిగినవాళ్లే ఎక్కువ బాగుపడ్డారని పెన్నెబేకర్ తర్వాత చేసిన పరిశీలనల్లో తేలింది.

ఇంకో తప్పు, ‘బాధగా ఉంది’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవడం. నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగకు వచ్చినవాళ్లు ఉత్త రొట్టె అడగరు. ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె అని పేరు చెప్పి అడిగి తీసుకుంటారు. లోపలున్నదానికీ అలాగే పేరు పెట్టాలి. అవమానమా, భయమా, అసూయా, దిగులా, మోసపోయానన్న మంటా? అవమానం అయితే గౌరవం కావాలి, భయమైతే భద్రత కావాలి, దిగులైతే తోడు కావాలి. మందు వేరు వేరు. ఫలానా భావమని పేరు పెట్టగానే మెదడులో ఎమిగ్డలా అనే భాగంలో కలవరం తగ్గడం 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం స్కాన్లలో చూసింది. మనవాళ్లలో ముఖ్యంగా మగవాళ్లు అన్నిటికీ కోపం అనే పేరే పెడతారు. అప్పులవాళ్లు ఇంటికొచ్చి అడిగితే వచ్చేది సిగ్గు, పైకి కనబడేది పెళ్లాం మీద కోపం.

తనను తాను నిలదీసుకునేవాళ్లకు ఒక చిట్కా. ‘నేను’ అని రాయకుండా తన పేరుతో రాసుకోవాలి. ‘సుబ్బారావు ఆ రోజు ఏం చేశాడు? అప్పుడు అతనికి ఏం తెలుసు, ఏం తెలియదు?’ అని. ఈథన్ క్రాస్ అనే పరిశోధకుడు 2014లో ఇది సిగ్గునూ ఆందోళననూ తగ్గిస్తుందని చూపారు. ఇదే తప్పు పక్కింటి కుర్రాడు చేస్తే ఏమంటారో అదే తనకూ రాసుకోవాలి. రొయ్యల చెరువులో వైరస్ పడి పంట పోయిన పక్కరైతును ‘పనికిమాలినోడివి’ అని ఎవరూ అనరు. అదే తన చెరువైతే అంటారు.

క్షమించడం గురించి ఒక మాట. ‘అయిందేదో అయిపాయ, క్షమించెయ్ రా’ అని తొందరపెట్టడం మన ఊళ్లలో పెద్ద అలవాటు. పెద్దమనుషులు కూర్చోబెట్టి చేతులు కలిపించి, కాఫీలు తాగించి పంపేస్తారు. దానివల్ల తగువు ఆగుతుంది, అది అవసరమే. గాయం మాత్రం మానదు, ఎందుకంటే తప్పు చేసినవాడు తప్పని ఒప్పుకోలేదు, దెబ్బతిన్నవాడు నోరు విప్పలేదు. క్షమించాలా వద్దా అన్నది దెబ్బతిన్నవాళ్ల ఇష్టం, వాళ్ల సమయం. క్షమించినా మళ్లీ రాకపోకలు పెట్టుకోవాలనేం లేదు. ఈ రెండూ ఒకటేనని నమ్మించి ఎంతోమంది ఆడపిల్లల్ని మళ్లీ అదే ఇంటికి పంపుతున్నారు.

లోచూపుకు హద్దు ఉంది, దాన్ని మన జిల్లాయే దేశానికి చూపించింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు, సాయంత్రం చదువుల కేంద్రాల్లో ఆడవాళ్లు పలకలు పట్టుకుని కూర్చుని ఇళ్లలో జరిగేది మాట్లాడుకున్నారు. దూబగుంటలో ఆ మాటల్లోంచే సారా దుకాణం మూయించాలన్న పట్టుదల పుట్టింది. ఆ పోరాటంలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. వాళ్లలో ఒక్కొక్కరూ తలుపులేసుకుని ‘నాలో ఏం లోపముంది’ అని వెతుక్కుని ఉంటే ఏం దొరికేది? పదిమంది కలిసి చెప్పుకునేసరికి ప్రతి ఇంట్లో బాధా ఒకటేనని, దానికి కారణం ఊరి నడుమ సారా కొట్టు రూపంలో ఉందని కనబడింది. అందుకే నాలుగో రోజు కాగితం మీద ఒక ప్రశ్న తప్పక ఉండాలంటాం: ఇందులో నేను మార్చుకోవాల్సింది ఎంత, నా బయట మారాల్సింది ఎంత? అప్పు, తాగుడు, కట్నం, పొగాకు ధర, వీటిని ధ్యానంతో సరిచేయలేం. నమ్మకమున్న ఒకరిద్దరితో చెప్పుకోవడం ఈ పద్ధతిలో భాగమే. వినేవాళ్లు చేయాల్సిందల్లా మధ్యలో సలహా ఇవ్వకుండా, ‘మా ఇంట్లో అయితే’ అని తమ కథ ఎత్తుకోకుండా, పది నిమిషాలు వినడం.

సొంతంగా చేసుకోకూడని పరిస్థితులు ఇవి. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండటం, ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి తారుమారవడం, ‘నేను లేకపోతేనే మేలు’ అనిపించడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, తాగుడు రోజూ పెరగడం. మనిషి పోయి సంవత్సరీకం దాటినా అన్నం, పని, పిల్లలు ఏదీ పట్టనంతగా దుఃఖం మొదటిరోజులాగే ఉంటే దానికీ వైద్యం ఉంది. వీటిలో ఏది కనబడినా 14416కు ఫోన్ చేయాలి. ఇది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. అక్కడికి వెళ్తే పిచ్చి అని ముద్ర వేస్తారన్న భయంతో ఆరేడు నెలలు ఆలస్యం చేసేవాళ్లే ఎక్కువ. ఇంకో భయం పోలీసు కేసు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించకూడదు, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ లేదు. ఈ సంగతి తెలియక, ఆసుపత్రికి తీసుకెళ్తే కేసవుతుందని నిజం దాచి వైద్యం ఆలస్యం చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

చివరగా మీ పత్రికకు రెండు మనవులు. ఇలాంటి వ్యాసాలు వేసేటప్పుడు ఎంతసేపు, ఎన్ని రోజులు, ఎప్పుడు ఆపాలి అన్న మూడు వివరాలైనా రాయించండి. రెండోది, ఆత్మహత్య వార్తలను ఎలా రాయాలో ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం ఆ వార్తను పెద్దగా వేయకూడదు, ఎలా చనిపోయారో వివరించకూడదు. జిల్లా పేజీల్లో ఇది ఇంకా సరిగా అమలు కావడం లేదు. అలాంటి ప్రతి వార్త కింద 14416 వేయండి. ఇంటర్, పదో తరగతి ఫలితాలిచ్చే రోజున మొదటి పేజీలో మార్కుల ప్రకటనల పక్కనే ఆ నంబరుకు రెండంగుళాల చోటివ్వండి.

— కౌన్సెలింగ్ పనిలో ఉన్న కొందరం,
కావలి, నెల్లూరు జిల్లా